ఒక్క ఓటుతో కూలిన ప్రభుత్వం: ఆంధ్ర రాష్ట్ర తొలి సంకీర్ణం, 1955 మధ్యంతర ఎన్నికలు

స్వతంత్ర భారతదేశంలో భాష ప్రాతిపదికన ఏర్పడిన తొలి రాష్ట్రమైన ఆంధ్ర రాష్ట్రం తన తొలి ప్రభుత్వాన్ని పదమూడు నెలలకు మించి పెద్దగా నిలుపుకోలేకపోయింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా టంగుటూరి ప్రకాశం పంతులు నాయకత్వాన కొలువుదీరిన మంత్రివర్గం 1954 నవంబరు 6న శాసనసభలో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. ఆ పైన సభ రద్దయి, గడువు ఇంకా రెండేళ్లకు పైగా మిగిలి ఉండగానే, 1955 ఫిబ్రవరిలో ప్రజలు మళ్లీ ఓటు వేయవలసి వచ్చింది. ఐదేళ్ల గడువు తీరకముందే సభ రద్దయినందువల్ల జరిగే ఇటువంటి ఎన్నికలను మధ్యంతర ఎన్నికలంటారు. ప్రభుత్వమే అనువైన అదను చూసుకొని సభను రద్దు చేయించుకున్నప్పుడు వాటికే ముందస్తు ఎన్నికలన్న పేరు వ్యాప్తిలోకి వచ్చింది. సంకీర్ణ ప్రభుత్వాల పనితీరు గురించీ, అవి గడువు తీరేదాకా నిలుస్తాయా అన్న సంశయం గురించీ ఈనాటికీ సాగుతున్న చర్చకు కావలసిన పాఠాలన్నీ ఆ పదహారు నెలల చరిత్రలోనే ఉన్నాయి. ఆ ప్రభుత్వం కూలడానికి మూలం దాని పాలనలో కంటే, పక్షాలు చేతులు కలిపిన నాడు తేల్చుకోకుండా వదిలిపెట్టిన ఒక ప్రశ్నలో ఉంది. ఆ తరువాతి ఎన్నికలు కూడా ఆ ప్రశ్నను తేల్చలేదు.

ఈ కథకు మొదలు 1952 ఎన్నికలలో ఉంది. వయోజన ఓటు హక్కుతో జరిగిన ఆ తొలి సార్వత్రిక ఎన్నికలలో ఉమ్మడి మద్రాసు రాష్ట్ర శాసనసభలోని 375 స్థానాలలో కాంగ్రెసుకు 152 మాత్రమే దక్కాయి. తెలుగు జిల్లాలలో ఆ పార్టీ పరిస్థితి మరీ బలహీనంగా ఉండింది. అక్కడి 140 స్థానాలలో కాంగ్రెసూ కమ్యూనిస్టు పార్టీ ఇంచుమించు నలభైయేసి స్థానాలతో సరిసమానంగా నిలవగా, మిగిలినవి కాంగ్రెసు నుంచి చీలి వచ్చిన పక్షాలకూ స్వతంత్రులకూ పోయాయి. 1951లో కాంగ్రెసును వీడిన ప్రకాశం పంతులు ఆచార్య కృపలానీ స్థాపించిన కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ వైపు నడవగా, ఆచార్య ఎన్.జి. రంగా కృషికార్ లోక్ పార్టీని నెలకొల్పారు. నీలం సంజీవరెడ్డి అంతటి నాయకుడు అనంతపురంలో కమ్యూనిస్టు అభ్యర్థి తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోవడం ఆనాటి గాలి ఎటు వీచిందో తెలియజేస్తుంది.

మద్రాసులో కాంగ్రెసేతర పక్షాలు ఐక్య ప్రజాస్వామ్య సంఘటనగా ఏర్పడి, 166 మంది సభ్యుల మద్దతు ఉందని చెప్పుకొని, ప్రకాశం పంతులును నాయకుడిగా ఎన్నుకున్నాయి. అయితే గవర్నరు శ్రీప్రకాశ ఆ సంఘటనను కాదని, శాసనమండలికి నియమితులైన చక్రవర్తుల రాజగోపాలాచారిని ప్రభుత్వం ఏర్పాటు చేయవలసిందిగా ఆహ్వానించారు. ఏ పక్షానికీ సంఖ్యాబలం లేనప్పుడు గవర్నరు ముందుగా ఎవరిని పిలవాలన్న ప్రశ్న రాజ్యాంగం అమలులోకి వచ్చిన రెండేళ్లకే ఈ విధంగా తలెత్తింది. ఎన్నికల తరువాత కూడిన పొత్తును ప్రజాతీర్పుగా పరిగణించవచ్చునా, లేక ఓటర్లు విడివిడిగా చూసి ఓటు వేసిన పక్షాలు ఆ తరువాత ఒకటి కావడం ఆ తీర్పును మార్చడమవుతుందా అన్న చర్చ ఆనాడు తెమలలేదు, ఈనాటికీ తెమలలేదు.

1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్ష ప్రారంభించిన పొట్టి శ్రీరాములు డిసెంబరు 15న అమరులు కావడమూ, తెలుగు జిల్లాలన్నీ భగ్గుమనడమూ, నాలుగు రోజులకే ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటును ప్రకటించడమూ తెలిసిన విషయాలే. కొత్త రాష్ట్రానికి కొత్తగా ఎన్నికలు జరపలేదు. మద్రాసు సభకు తెలుగు జిల్లాల నుంచి ఎన్నికైన 140 మందే ఆంధ్ర శాసనసభ అయ్యారు. అందువల్ల ఏ పక్షానికీ ఆధిక్యం లేని 1952 నాటి చిత్రమే యథాతథంగా కర్నూలుకు తరలివచ్చింది. కమ్యూనిస్టులను అధికారానికి దూరంగా ఉంచాలనుకున్న కాంగ్రెసుకు మరో పక్షం తోడు లేనిదే ప్రభుత్వం సాధ్యం కాలేదు. ఆంధ్రోద్యమానికి జీవితాన్ని ధారపోసిన, 'ఆంధ్రకేసరి'గా ప్రజలు కొలిచిన ప్రకాశం పంతులును మించిన ఆమోదయోగ్యుడైన నాయకుడూ కనిపించలేదు. అప్పటికి ప్రజా సోషలిస్టు పార్టీలో ఉన్న ఆయన ఆ పార్టీని వీడి, కాంగ్రెసు మద్దతుతో ముఖ్యమంత్రి అయ్యారు. కాంగ్రెసు పక్షాన నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి కాగా, ప్రకాశం అనుయాయుల పక్షాన తెన్నేటి విశ్వనాథం మంత్రివర్గంలో కీలక స్థానం వహించారు. కృషికార్ లోక్ పార్టీకి చెందిన గౌతు లచ్చన్నకు కూడా ఆ మంత్రివర్గంలో స్థానం లభించింది.

ఈ కూటమిని కలిపి ఉంచినవి రెండే రెండు: రాష్ట్రాన్ని నిలబెట్టాలన్న ఆకాంక్ష, కమ్యూనిస్టులు అధికారంలోకి రాకూడదన్న పట్టుదల. కూటమి పక్షాలు అధికారంలో ఉన్నంతకాలం అమలు చేయడానికి ముందుగా ఒప్పుకొనే విధానాల పట్టికను ఉమ్మడి కార్యక్రమం అంటారు. ఆ రోజులలో అటువంటి పత్రాన్ని రాసుకొనే అలవాటు లేదు. రాజధాని విషయంలో మాత్రం ఒక పాత ఒప్పందం ఆధారంగా దొరికింది. 1937 నవంబరులో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గృహమైన శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న ఒడంబడిక ప్రకారం రాజధాని, హైకోర్టులలో ఒకటి రాయలసీమకు దక్కాలి. కమ్యూనిస్టులు విజయవాడ, గుంటూరు ప్రాంతం వైపు మొగ్గినా, కర్నూలు రాజధాని కావడానికీ, 1954 జూలైలో కోకా సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తిగా గుంటూరులో హైకోర్టు ప్రారంభం కావడానికీ ఆ ఒడంబడికే మూలం. పదహారేళ్ల క్రితం కాగితం మీద పెట్టుకున్న మాట అంతటి ఉద్రిక్తమైన వివాదాన్ని కూడా దాటించగలిగిందన్న సంగతి ఇక్కడ ప్రత్యేకంగా గమనించదగినది. ఎందుకంటే కాగితం మీద లేని మాటే ఆ తరువాత ఆ ప్రభుత్వం కొంప ముంచింది.

పనితీరును బట్టి చూస్తే ఆ ప్రభుత్వం చేతులు ముడుచుకొని కూర్చున్నదని ఎవరూ అనలేరు. మద్రాసు నగరం మీద ఆశలు వదులుకొని, చాలినన్ని భవనాలు లేని కర్నూలులో గుడారాలు వేసుకొని, లోటు బడ్జెట్టుతో పరిపాలన మొదలుపెట్టిన రాష్ట్రమది. పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన కృష్ణా ఆనకట్టకు 1952లో గండి పడి డెల్టా రైతాంగం భవితవ్యం ప్రశ్నార్థకం కాగా, విజయవాడ వద్ద కొత్త బ్యారేజీకి 1954లో శంకుస్థాపన జరిగింది. 1957లో పూర్తయిన ఆ కట్టడానికే ప్రకాశం బ్యారేజీ అని పేరు. రాయలసీమకు ఉన్నతవిద్యను చేరువ చేసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం తిరుపతిలో అదే 1954లో వెలిసింది. హైకోర్టు, విశ్వవిద్యాలయం, బ్యారేజీ అనే మూడు పనులకు ఏడాది వ్యవధిలో పునాది వేసిన ప్రభుత్వానికి పాలనలో విఫలమైందన్న ముద్ర న్యాయం కాదు. అయినా సభలో లెక్కకు వచ్చింది ఈ జాబితా కాదు, మద్యనిషేధం.

మద్యనిషేధం ఆంధ్ర రాష్ట్రానికి ఉమ్మడి మద్రాసు నుంచి సంక్రమించిన వారసత్వం. 1937లో అధికారంలోకి వచ్చిన రాజగోపాలాచారి ప్రభుత్వం సేలం జిల్లాతో దాన్ని ప్రారంభించింది. కల్లు, సారా అమ్మకాల మీద వచ్చే అబ్కారీ రాబడి పోయిన లోటును పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్నును ప్రవేశపెట్టింది. స్వాతంత్ర్యానంతరం 1948 నాటికి నిషేధం రాష్ట్రమంతటికీ విస్తరించింది. గాంధేయ మార్గంలో నడిచిన కాంగ్రెసుకు అది సిద్ధాంతం కాగా, తాటిచెట్టునూ ఈతచెట్టునూ నమ్ముకొని బతికే గీత కార్మికులకు అది జీవనోపాధి మీద పడిన దెబ్బ. ఖజానాకు రాబడి పోవడమే కాక, దొంగచాటు సారా, దాన్ని అరికట్టే పేరిట పోలీసుల వేధింపులు పల్లెల్లో పెరిగాయన్న విమర్శ బలపడడంతో, ప్రభుత్వం విశ్రాంత ఐ.సి.ఎస్. అధికారి ఎస్.వి. రామమూర్తి అధ్యక్షతన విచారణ సంఘాన్ని నియమించింది. నిషేధం అమలు విఫలమైందని, దాన్ని రద్దు చేయడం మేలని ఆ సంఘం సిఫారసు చేసింది.

సిఫారసు అందిన తరువాత కూటమి లోపలి బీటలు బయటపడ్డాయి. కాంగ్రెసుకు మద్యనిషేధాన్ని వదులుకోవడమంటే గాంధీజీ మాటను వదులుకోవడం. ప్రకాశం పంతులు కూడా 1946-47లో మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు దాని విస్తరణకు పూనుకున్నవారే. శ్రీకాకుళం జిల్లాకు చెందిన లచ్చన్నకు మాత్రం గీత కార్మికుల బతుకే ప్రధానమైన ప్రశ్న. మంత్రివర్గం నుంచి బయటికి వచ్చిన ఆయన గీత కార్మికుల సత్యాగ్రహానికి నాయకత్వం వహించడంతో, సభలోని వివాదం ఊళ్లలోకి పాకింది. ప్రభుత్వం సిఫారసును ఆమోదించలేదు. మద్యనిషేధ విధానాన్ని తప్పుపడుతూ వచ్చిన అవిశ్వాస తీర్మానానికి, అంటే మంత్రివర్గం మీద సభకు నమ్మకం లేదని ప్రకటించే తీర్మానానికి, పరస్పరం పొసగని పక్షాలన్నీ ఆ ఒక్క అంశం మీద కలిసి ఓటు వేశాయి. మంత్రివర్గం సభకు సమష్టిగా జవాబుదారీ కావాలని రాజ్యాంగంలోని 164వ అధికరణం నిర్దేశిస్తున్నందువల్ల, ఒక్క విధానంపై ఓటమే అయినా, ఒక్క ఓటు తేడాయే అయినా, దిగిపోక తప్పలేదు.

ప్రభుత్వాన్ని పడగొట్టిన సభ్యులలో కొత్త ప్రభుత్వాన్ని నిలపగల ఐకమత్యం ఉందా అన్నది తరువాతి ప్రశ్న. కమ్యూనిస్టు పార్టీ సభలో రెండు పెద్ద పక్షాలలో ఒకటి. కాబట్టి ప్రతిపక్షానికి అవకాశం ఇవ్వకుండా సభను రద్దు చేయరాదన్న వాదనకు బలం ఉంది. కాని అవిశ్వాసానికి ఓటు వేసిన కృషికార్ లోక్ పార్టీ, ప్రజా సోషలిస్టులు కమ్యూనిస్టు నాయకత్వాన్ని ఒప్పుకొనే పరిస్థితి లేదు. గవర్నరు చందూలాల్ త్రివేది ప్రత్యామ్నాయ ప్రభుత్వం సాధ్యం కాదన్న నిర్ణయానికి రాగా, 1954 నవంబరు 15న 356వ అధికరణం కింద రాష్ట్రపతి పాలన, అంటే శాసనసభా, మంత్రివర్గమూ లేకుండా కేంద్రం తరఫున గవర్నరే నడిపే పాలన, అమలులోకి వచ్చింది. బలాబలాలు తేల్చవలసింది రాజభవనం కాదు సభావేదికేనని సుప్రీంకోర్టు బొమ్మై కేసులో స్పష్టం చేసిన 1994 దాకా ఇటువంటి నిర్ణయాలకు గవర్నరు అంచనాయే ఆధారంగా ఉంటూ వచ్చింది. పార్టీ ఫిరాయించిన సభ్యుడి స్థానం పోయే చట్టం కూడా 1985 దాకా లేదు. 1954లో ఏ సభ్యుడు ఎప్పుడు ఎటు మొగ్గినా అడ్డు లేకపోవడంతో ఒక్క ఓటుకు అంతటి విలువ వచ్చింది.

ఆంధ్రకు ముందే మరో రెండు రాష్ట్రాలు ఈ దారిలో నడిచాయి. పాటియాలా మొదలైన సంస్థానాలను కలిపి ఏర్పరచిన పెప్సు రాష్ట్రంలో జ్ఞానసింగ్ రాడేవాలా నడిపిన కాంగ్రెసేతర కూటమి ప్రభుత్వం 1953లో తొలగిపోగా, తిరువాన్కూరు-కొచ్చిలో ఇతర పక్షాల అండతో నడిచిన కాంగ్రెసు ప్రభుత్వం అదే ఏడు విశ్వాసం కోల్పోయింది. రెండు చోట్లా 1954 ఆరంభంలోనే మళ్లీ ఎన్నికలు జరిగాయి. తిరువాన్కూరు-కొచ్చిలో ఎన్నికల తరువాత కూడా ఏ పక్షానికీ ఆధిక్యం రాక, పట్టం థానుపిళ్లై నాయకత్వాన మైనారిటీ ప్రభుత్వం ఏర్పడి, అదీ ఏడాది తిరగకుండా పడిపోయింది. ప్రజల వద్దకు మళ్లీ వెళ్లినంత మాత్రాన సుస్థిరత రాదని ఆ అనుభవం హెచ్చరించింది. ఆంధ్రలోని కాంగ్రెసు ఆ హెచ్చరికను చెవికెక్కించుకున్నది.

1955 ఎన్నికలకు కాంగ్రెసు చేసిన సన్నాహం ఈ చరిత్రలో అన్నిటికన్నా కీలకమైన భాగం. మద్యనిషేధం మీద తనను ఓడించిన కృషికార్ లోక్ పార్టీతోనూ, ప్రకాశం పంతులు ప్రజా పార్టీతోనూ ఎన్నికలకు ముందే పొత్తు కుదుర్చుకొని, ఐక్య కాంగ్రెసు సంఘటన పేరిట ఒక్కొక్క స్థానంలో ఒక్కొక్క అభ్యర్థినే నిలిపింది. బొంబాయి నుంచి ఎస్.కె. పాటిల్ వచ్చి ప్రచార యంత్రాంగాన్ని నడిపించారు. 1955 జనవరిలో ఆవడి మహాసభలో కాంగ్రెసు సోషలిస్టు తరహా సమాజ స్థాపనను లక్ష్యంగా ప్రకటించి, వామపక్ష నినాదంలో కొంత భాగాన్ని తనదిగా చేసుకుంది. అదే నెలలో మాస్కో నుంచి వెలువడే 'ప్రావ్దా' నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ రాసిన సంపాదకీయాన్ని కాంగ్రెసు ఊరూరా ప్రచారం చేసి, కమ్యూనిస్టులను ఇరకాటంలో పెట్టింది. నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వాన 'ఆంధ్రప్రభ' కమ్యూనిస్టులకు వ్యతిరేకంగా, 'విశాలాంధ్ర' వారికి అనుకూలంగా అక్షర సమరం సాగించాయి; మహాకవి శ్రీశ్రీ కమ్యూనిస్టుల పక్షాన వేదికలెక్కారు. కాంగ్రెసు గుర్తు కాడెద్దులకూ, కమ్యూనిస్టుల గుర్తు కంకి కొడవలికీ మధ్య నేరుగా పోటీగా ఎన్నిక మారిపోయింది. పడిపోయిన ప్రభుత్వం ఏం చేసింది, ఏం చేయలేదు అన్న ప్రశ్న ఈ హోరులో వినిపించలేదు.

పునర్విభజన తరువాత సభలో స్థానాలు 196 అయ్యాయి. 167 నియోజకవర్గాలలో 29 ద్విసభ్య నియోజకవర్గాలు, అంటే జనరల్ సభ్యుడితో పాటు రిజర్వుడు సభ్యుణ్ని కూడా ఎన్నుకొనేవి. ఫలితాలలో కాంగ్రెసుకు 119, కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజా పార్టీకి 5, కలిపి సంఘటనకు 146 స్థానాలు వచ్చాయి. ప్రజా సోషలిస్టులకు 13, స్వతంత్రులకు 22 దక్కగా, అధికారం తమదేనని ఆశించిన కమ్యూనిస్టులు 15 స్థానాలతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఓట్ల లెక్క చూస్తే కథ వేరుగా కనిపిస్తుంది. 1952లో ఈ జిల్లాలలో ఐదో వంతుకు కొద్దిగా మించిన ఓట్లతో నలభై స్థానాలు గెలిచిన కమ్యూనిస్టు పార్టీ, 1955లో 31 శాతం ఓట్లు తెచ్చుకొని కూడా పదిహేనుకు పడిపోయింది. ఓట్ల దామాషాలో పంచితే ఆ పార్టీకి సుమారు అరవై స్థానాలు రావలసింది. అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చిన వ్యక్తే గెలిచే మన పద్ధతిలో, 1952లో ప్రత్యర్థుల చీలిక ఆ పార్టీని ఎలా ఎత్తిందో, 1955లో ప్రత్యర్థుల ఐక్యత అలాగే దించింది. అమెరికా పరిశోధకుడు సెలిగ్ హారిసన్ 1956లో ఆంధ్ర కమ్యూనిస్టుల గురించి రాసిన వ్యాసంలో కులాల బలాబలాలను ముందుకు తెచ్చారు. ఆ కారణానికి ఎంత విలువ ఇచ్చినా, ఓట్లు పెరిగి స్థానాలు తరిగిన వైనాన్ని పొత్తుల లెక్క లేకుండా వివరించడం సాధ్యం కాదు.

1955 మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రిగా, నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రిగా ఏర్పడిన ప్రభుత్వం 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అవతరించే వరకు నిలకడగా సాగింది. మరి ఏ మద్యనిషేధం మీద ప్రభుత్వం పడిపోయిందో, ఏ ప్రశ్న కోసం ప్రజలను గడువుకు ముందే పోలింగు కేంద్రాలకు రప్పించారో, ఆ ప్రశ్న ఏమైంది? ఆంధ్ర జిల్లాలలో నిషేధం అలాగే కొనసాగింది. ఆంధ్ర, తెలంగాణల విలీనానికి ముందు రెండు ప్రాంతాల నాయకులు 1956లో కుదుర్చుకున్న పెద్దమనుషుల ఒప్పందంలో మద్యనిషేధాన్ని తెలంగాణలో ఎలా అమలు చేయాలో ఆ ప్రాంత శాసనసభ్యులే నిర్ణయించాలన్న షరతు చేరడం, ఆ చిక్కు ఇంకా విడలేదనడానికి నిదర్శనం. ఎన్నికలు ప్రభుత్వాన్ని మార్చాయి, సభ స్వరూపాన్ని మార్చాయి, ప్రభుత్వాన్ని కూల్చిన విధానాన్ని మాత్రం తాకలేదు.

ఈ క్రమం తరువాత దేశస్థాయిలోనూ పునరావృతమైంది. 1977లో ఐదు పక్షాల కలయికగా పుట్టిన జనతా ప్రభుత్వం, తమ సభ్యులు రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘంలోనూ ఉండవచ్చునా అనే ద్వంద్వ సభ్యత్వ ప్రశ్నను విలీనమప్పుడు దాటవేసి, రెండేళ్లకు దాని మీదే చీలింది. 1979 ఆగస్టు 22న లోక్‌సభను రద్దు చేసిన రాష్ట్రపతి, కర్నూలులోని తొలి సంకీర్ణంలో ఉపముఖ్యమంత్రిగా ఉన్న నీలం సంజీవరెడ్డే. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269-270 ఓట్లతో, మళ్లీ ఒక్క ఓటుతోనే, పడిపోయింది. 1998లో ఎన్నికలయ్యాక జాతీయ కార్యక్రమాన్ని రాసుకున్న ఆ కూటమి, 1999లో తెలుగుదేశం వంటి పక్షాలతో పోలింగుకు ముందే సర్దుబాటు చేసుకొని, ఉమ్మడి ప్రణాళికతో ప్రజల ముందుకు వెళ్లి సుస్థిరమైన ఆధిక్యాన్ని సాధించింది. 2004లో ఎన్నికల తరువాతే ఏర్పడిన ఐక్య ప్రగతిశీల కూటమి ఐదేళ్లూ నిలవడానికి కనీస ఉమ్మడి కార్యక్రమం ఆధారమైంది. ఆ పత్రంలో చోటు లేని అణు ఒప్పందం మీద 2008లో వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకున్నాయి. తెలంగాణపై తగిన సమయంలో సంప్రదింపులు, ఏకాభిప్రాయం అన్న అస్పష్టమైన వాక్యంతో సరిపెట్టినందువల్ల తెలంగాణ రాష్ట్ర సమితి 2006లోనే ఆ కూటమి ప్రభుత్వానికి దూరమైంది. కూటమి ఎన్నికలకు ముందు కుదిరిందా, తరువాత కుదిరిందా అన్నదాని కన్నా, వివాదాస్పద విషయాలను స్పష్టంగా రాసుకున్నదా లేదా అన్నదే దాని ఆయుర్దాయాన్ని నిర్ణయిస్తున్నదని ఈ ఉదాహరణలన్నీ చెబుతున్నాయి.

ఈ చరిత్రను బట్టి సంకీర్ణ ప్రభుత్వాలను తూచే పద్ధతి కొంత మారవలసి ఉంది. కట్టిన బ్యారేజీలూ, తెరిచిన విద్యాలయాలూ పనితీరుకు కొలమానాలే. కాని కూటమి మనుగడను అవి నిర్ణయించలేవని ప్రకాశం ప్రభుత్వం పతనం నిరూపించింది. చేతులు కలిపిన నాడు ఏయే ప్రశ్నలను పక్కకు నెట్టారన్నదీ, వాటి మీద ఆధారపడి బతికే జనం ఎవరన్నదీ కూడా పనితీరులో భాగంగా లెక్కించాలి. ఆనాటి గీత కార్మికుడి బాధను కూటమి ఏర్పడిన రోజే చర్చించి, నిషేధాన్ని ఉంచడమా ఎత్తివేయడమా లేక ప్రత్యామ్నాయ ఉపాధి చూపడమా అన్నది తేల్చి ఉంటే, ఆ కూటమికి ముందుకు సాగే దారి దొరికేది. అలాగే గడువుకు ముందు వచ్చే ఎన్నికలను కేవలం ప్రభుత్వం మీద తీర్పుగా చదవడం కూడా పొరపాటవుతుంది. వాటిలో పొత్తుల కూర్పు మీద తీర్పు పాలు ఎంతో హెచ్చు. అందువల్ల సభను రద్దు చేయమని కోరే పక్షాన్నయినా, కొనసాగించమని కోరే పక్షాన్నయినా ప్రజలు అడగవలసింది ఒక్కటే: ప్రభుత్వాన్ని చిక్కులో పెట్టిన ఆ ప్రశ్నకు మీరు ఇచ్చే రాతపూర్వకమైన జవాబు ఏమిటి? 1955లో ఈ ప్రశ్నకు జవాబు రాబట్టుకోకుండానే ఓటు వేసిన ఆంధ్ర ప్రజలకు నిలకడైన ప్రభుత్వం దక్కింది. వారిలో గీత వృత్తి మీద బతికినవారికి మాత్రం ఏ మార్పూ దక్కలేదు.